బ్రాయిలర్ కోళ్ల కాళ్ల జబ్బులు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోనసీమ నుంచి, ఉభయ గోదావరి జిల్లాల నుంచి వచ్చినవే. వాటిలోనూ చాలావరకు మాంసపు కోళ్ల కాళ్ల గురించినవి. ముసురు నెలల్లో ఇది మామూలే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, రాసినవారి పేర్లు వేయకుండా ప్రాంతం మాత్రం ఇచ్చి సమాధానాలు చెబుతున్నాను. మందు పేరు ఒక్కటి రాసి పంపితే చాలునని కోరిన పాఠకులు నన్ను మన్నించాలి. కాళ్ల విషయంలో మందుతో నయమయ్యేవి కొన్నే; మిగిలినవన్నీ షెడ్డులో మన చేతుల మీదుగా రావలసిన మార్పులు.

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లె. ఇంటిగ్రేషన్ పద్ధతిలో (పిల్ల, దాణా, మందు కంపెనీవి, షెడ్డు మాది) 5,000 కోళ్ల షెడ్డు నడుపుతున్నాము. గత రెండు బ్యాచ్‌లలో 28 రోజులు దాటగానే, బాగా బరువు వచ్చిన కోళ్లే నాలుగడుగులు వేసి కూర్చుండిపోతున్నాయి. కొన్ని రెక్కల చివరలు నేలకు ఆనించి పాకుతున్నాయి. సూపర్‌వైజరు గారు లిక్విడ్ కాల్షియం, విటమిన్లు ఇచ్చారు. అయిదు రోజులు నీళ్లలో కలిపినా గుణం కనబడలేదు. ఇది ఏ జబ్బు?

సమాధానం: ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పడం కుదరదు. కోడి కూర్చుండిపోవడానికి కనీసం అరడజను వేర్వేరు కారణాలు ఉంటాయి, పైకి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అయినా మీరు రాసిన వివరాల్లో రెండు ఆధారాలు ఉన్నాయి. కోళ్లు పడుతున్నది 28 రోజులు దాటాక. పడుతున్నవి బరువైన కోళ్లు. రెక్కలు ఆనించి నడవడం కూడా గమనించదగ్గదే. ఈ మూడూ కలిసినప్పుడు తొడ ఎముక తల కుళ్లిందేమోనని నేను ముందుగా అనుమానిస్తాను.

కారణం అర్థం కావాలంటే ఈ కోడి ఎంత వేగంగా పెరుగుతున్నదో గుర్తు చేసుకోవాలి. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వారు 1957 నాటి వంశాన్ని, 1978 నాటి వంశాన్ని, 2005 నాటి వాణిజ్య వంశాన్ని ఒకే రకం దాణాతో పక్కపక్కనే పెంచి, ఆ ఫలితాలను 2014లో ప్రచురించారు. 56వ రోజుకు మొదటిది 905 గ్రాములు, రెండవది 1,808 గ్రాములు, మూడవది 4,202 గ్రాములు తూగాయి. పెరిగిన బరువులో పెద్ద వాటా రొమ్ము కండదే కావడంతో శరీరపు భారం ముందుకు జరిగింది. ఆ భారాన్ని మోయవలసిన ఎముక మాత్రం ఇంకా పిల్ల వయసులోనే, పెరుగుదల పూర్తికాని లేత స్థితిలోనే ఉంటుంది. తొడ ఎముక పైకొసలోనూ, దాని కింద డ్రమ్‌స్టిక్ ఎముక పైకొసలోనూ ఉండే మృదులాస్థిలో ఈ ఒత్తిడికి సన్నని చీలికలు ఏర్పడతాయి. పేగు నుంచో, శ్వాసనాళం నుంచో రక్తంలోకి చేరిన స్టాఫిలోకాకస్, ఎంటెరోకాకస్, ఇ.కోలై వంటి సూక్ష్మజీవులు ఆ చీలికల్లో స్థిరపడి ఎముకను కుళ్లిస్తాయి. అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయం పరిశోధకులు కోళ్లను తీగల నేల మీద పెంచి, కాలు నిలదొక్కుకోలేని నేల మీద ఈ జబ్బు పెరుగుతుందని చూపారు. అంటే ఇందులో సూక్ష్మజీవి ఎంత దోషో, బరువూ నేలా కూడా అంతే దోషులు.

ఇది నా అనుమానం మాత్రమే. నిర్ధారణకు మీరు చేయవలసిన పని ఒకటుంది. చచ్చి గంటలు గడిచిన కోడిని కాకుండా, బతికి ఉండి కుంటుతున్న నాలుగైదు కోళ్లను మీ పశువైద్యుని వద్దకో, జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకో తీసుకువెళ్లి కోయించి చూడండి. తుంటి కీలు విడదీసినప్పుడు ఆరోగ్యమైన తొడ ఎముక తల తెల్లగా, నున్నగా మెరుస్తుంది. కుళ్లినదైతే పైటోపీ ఊడి వచ్చి, కింద గరుకుగా, నల్లగా, పొడిపొడిగా కనిపిస్తుంది. డ్రమ్‌స్టిక్ ఎముక పైభాగాన్ని నిలువుగా కోసినప్పుడు లోపల తెల్లని మృదులాస్థి ముద్ద పేరుకుని ఉంటే అది వేరే లోపం. దానికి కాల్షియం, భాస్వరం, క్లోరైడుల పొత్తు కుదరకపోవడం, కొన్ని బూజు విషాలు కారణమవుతాయి. రెండు మూడు వారాల పిల్లల్లో ముక్కు రబ్బరులా వంగి, కాలి ఎముక విరగకుండా వంగుతుంటే అది రికెట్స్, అంటే ఎముక గట్టిపడని జబ్బు. మడమ కీలు పైన స్నాయువు గట్టిపడి వాచి ఉంటే, కీళ్లను దెబ్బతీసే రియోవైరస్‌ను పరిశీలించాలి. కీలులో, పాదంలో చిక్కని జిగురు ద్రవం ఉంటే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి పరీక్ష చేయించాలి. పెద్ద వయసు కోడి ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ చాపి పడి ఉంటే నరాలను దెబ్బతీసే వైరస్ జబ్బు మారెక్స్ గుర్తుకు రావాలి.

ఇక కాల్షియం ఎందుకు పనిచేయలేదంటే, కంపెనీ దాణాలో కాల్షియం లోటు సాధారణంగా ఉండదు. లోటు లేని చోట మరింత కాల్షియం పోస్తే అది భాస్వరాన్ని పట్టి ఉంచి, ఒంటికి అందకుండా చేస్తుంది. రికెట్స్‌కు విటమిన్ డి3 లోపం కారణమైతే డి3తో గుణం కనిపిస్తుంది. కుళ్లిన ఎముక మాత్రం ఏ సీసాతోనూ తిరిగి రాదు. రక్తం అందని చచ్చిన ఎముకలోకి యాంటీబయాటిక్ కూడా సరిగా చేరదు. పైగా లిఫ్టింగ్ (కంపెనీ కోళ్లను అమ్మకానికి ఎత్తడం) దగ్గరపడిన కోడికి ఇచ్చే మందు మాంసంలో మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఈ బ్యాచ్‌లో పడిపోయిన కోళ్ల గురించి కింద మరో ప్రశ్నలో రాశాను. వచ్చే బ్యాచ్‌కు మాత్రం ఇప్పుడే కొన్ని ఏర్పాట్లు చేసుకోండి. ఇంటిగ్రేషన్‌లో పిల్ల, దాణా, మందు కంపెనీవి. నేల, గాలి, దీపం, నీరు మీవి. పిల్లలు వచ్చిన రోజునే బొడ్డు మానని వాటిని, నిలబడలేని వాటిని విడిగా లెక్కించి సూపర్‌వైజరు గారి చేత రాయించుకోండి. హేచరీలో శుభ్రత లోపిస్తే దాని ఫలితం నాలుగో వారంలో మీ షెడ్డులో బయటపడుతుంది. ఇంకొక సంగతి కంపెనీలకు నచ్చకపోయినా చెప్పక తప్పదు. శ్రావణంలోనూ కార్తీకంలోనూ మాంసం అమ్మకాలు తగ్గినప్పుడు లిఫ్టింగ్ వాయిదా పడుతుంది. 38 రోజులకు పోవలసిన కోడి 45 రోజులు దాటి షెడ్డులోనే ఉండి, చివరి వారంలో రోజూ బరువు పెంచుకుంటూ ఉంటుంది. ఆ వారంలోనే కాళ్లు పడతాయి. ఆ నెలల్లో పిల్లలను తక్కువ సంఖ్యలో దింపించుకోవడం, లేదా బరువైన వాటిని ముందుగా విడతలుగా ఎత్తించడం గురించి పిల్లలు దిగక ముందే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: నేను, మా అత్తగారు కలిసి అంబాజీపేట వైపు షెడ్డు చూసుకుంటున్నాము. "కొన్ని కుంటుతున్నాయి" అని చెబితే ఎవరూ పట్టించుకోవడం లేదు. ఎన్ని కుంటుతున్నాయో, ఎంత కుంటుతున్నాయో చెప్పడానికి పద్ధతి ఏమైనా ఉందా? అసలు కోడికి నొప్పి తెలుస్తుందా?

సమాధానం: రెండూ మంచి ప్రశ్నలు. పద్ధతి ఉంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1992లో ప్రచురించిన నడక మార్కుల పద్ధతినే ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు. సున్నా నుంచి అయిదు వరకు మార్కులు ఉంటాయి. ఎత్తిన పాదాన్ని వేళ్లు ముడిచి తేలికగా, సమంగా నడిచే కోడికి సున్నా. నడకలో ఏదో తేడా ఉన్నా అది ఏమిటో చెప్పలేకపోతే ఒకటి. ఏ కాలు కుంటుతున్నదో స్పష్టంగా తెలిసినా తిరగడానికి ఆటంకం లేకపోతే రెండు. కదలడానికే ఆటంకమై, వీలు దొరికితే కూర్చోవాలని చూస్తుంటే మూడు. తరిమితే తప్ప లేవనిది నాలుగు. అసలు నడవలేక, మడమల మీదో రెక్కల సాయంతోనో జరుగుతుంటే అయిదు. మూడు నుంచి పైవన్నీ బాధపడుతున్న కోళ్లుగానే లెక్క.

మీరు 21వ రోజున ఒకసారి, 28న ఒకసారి, తర్వాత వారానికోసారి చూడండి. షెడ్డులో ఒకే మూల చూడకుండా నాలుగైదు చోట్ల అట్టముక్కలతో ఇరవై, ఇరవైఅయిదు కోళ్లను వేరుచేసి, ఒక్కొక్కటిగా బయటకు నడిపించి మార్కు వేయాలి. ఒకరు చూస్తూ ఉంటే మరొకరు రాయాలి. మీరు ఇద్దరు ఉన్నారు కనుక ఇబ్బంది లేదు. అలా 100 కోళ్లు చూస్తే మీ దగ్గర "కొన్ని" అన్న మాటకు బదులు అంకె ఉంటుంది. బ్రిటన్‌లో 51,000 కోళ్లను ఈ పద్ధతిలోనే పరిశీలించి 2008లో ప్రచురించిన సర్వేలో, సగటున 40 రోజుల వయసులో 27.6 శాతం కోళ్లకు మూడు లేదా అంతకన్నా ఎక్కువ మార్కు వచ్చింది; 3.3 శాతం దాదాపు నడవలేని స్థితిలో ఉన్నాయి. అంత వసతులున్న షెడ్లలోనే ఆ సంఖ్య వచ్చిందంటే, మన దగ్గర ఎవరూ లెక్కించడం లేదు కనుక సమస్య లేదనుకోవడం పొరపాటు.

నొప్పి సంగతి. కుంటే కోళ్లకూ, బాగా నడిచే కోళ్లకూ రెండు రంగుల దాణా పెట్టి, ఒక రంగు దాణాలో కార్‌ప్రోఫెన్ అనే నొప్పి మందు కలిపి చూసిన ప్రయోగ ఫలితం 2000లో వెలువడింది. కుంటేవి మందు కలిసిన దాణానే ఎక్కువగా ఎంచుకున్నాయి. కుంటుడు ముదిరిన కొద్దీ తీసుకున్న మందు కూడా పెరిగింది. ఏది తింటే బాధ తగ్గుతున్నదో ఆ కోడికి తెలుస్తోంది. నొప్పి లేకపోతే ఈ ఎంపికకు అర్థం లేదు. అదే ఏడాది వచ్చిన మరో పరిశీలనలో, బాగా నడిచే బ్రాయిలర్లు రోజులో 76 శాతం సమయం కూర్చునే గడిపితే, కుంటేవి 86 శాతం గడిపాయి. బాగున్నవి 24 గంటల్లో యాభైకి పైగా సార్లు మేతకు వెళితే, బాగా కుంటేవి ముప్పై సార్లు మాత్రమే వెళ్లాయి. లేవడం బాధ కనుక ఒక్కసారి వెళ్లినప్పుడే ఎక్కువ తిని వస్తాయి.

సంక్రాంతికి ముందు పందెం పుంజును ఎంచేటప్పుడు కాలి బిగువునూ, నిలకడనూ అంత నిశితంగా చూసే మన జిల్లాలవారు, బ్రాయిలర్‌ను మాత్రం కాటా మీదే చూడటం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. పందేలు చట్టవిరుద్ధమన్నది వేరే సంగతి. ఆ చూపు మాత్రం షెడ్డులో అవసరం.

ప్రశ్న: ఉప్పలగుప్తం వైపు కొబ్బరితోటలో మా షెడ్డు ఉంది. వానలు మొదలైతే ఊక తడిసి అట్టలు కడుతోంది. కోళ్ల అరికాళ్లలో నల్లటి పొక్కులు వస్తున్నాయి. సున్నం చల్లుతున్నాము. ఊక ధర కూడా పెరిగింది. ఏం చేయాలి?

సమాధానం: అరికాలి పొక్కు నేల తడి వల్ల వచ్చే పుండు. తడి ఊకలో రెట్టలు కుళ్లి అమ్మోనియా పుడుతుంది. రోజులో ముప్పాతిక భాగం దాని మీదే కూర్చునే కోడికి పాదం, మడమ, రొమ్ము చర్మం ఒరిసి కాలినట్లవుతాయి. పాదంలో పుండు పడిన కోడి నడవడం తగ్గిస్తుంది, కూర్చోవడం పెంచుతుంది, దానితో పుండు ముదురుతుంది. ఆ పుండు ద్వారానే స్టాఫిలోకాకస్ లోపలికి పోతుంది. మంచి కబురేమిటంటే, పొక్కు లోతుగా దిగకముందే నేల ఆరితే పాదం చాలావరకు మానుతుంది.

ఊక తడిని పిడికిటితో చూడండి. గుప్పిట పట్టి వదిలితే ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువ. కొద్దిగా అంటుకుని, వదలగానే విడిపోతే సరిగ్గా ఉన్నట్లు. అప్పుడు తేమ 20, 25 శాతం మధ్య ఉంటుంది. అసలు అంటుకోక దుమ్ము లేస్తుంటే మరీ పొడి. 35 శాతం దాటితే అట్ట కట్టడం మొదలవుతుంది.

మీ ప్రాంతంలో తడికి మూలం వాన ఒక్కటే అని నేను అనుకోను. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. రొయ్యల చెరువులు పెరిగిన చోట ఇంకా ఉప్పగా మారింది. ఉప్పు నీరు తాగిన కోడి మరింత నీరు తాగుతుంది, పలచగా రెట్ట వేస్తుంది. ఎంత ఊక పోసినా ఆ తడి ఆగదు. అందుకని ముందు నీటిని పరీక్ష చేయించండి. ఉప్పు ఎక్కువగా ఉందని తేలితే కాలువ నీటిని ట్యాంకులో నిలవ చేసి, తేర్చి, క్లోరిన్ కలిపి వాడుకోవడమో, వాననీటిని పట్టుకోవడమో చూడాలి. దాణాలో ఎండు చేపల పొడి ఉంటే అందులోని ఉప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత డ్రింకర్లు. బెల్ డ్రింకర్ (గంట ఆకారపు నీటి తొట్టి) అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి. కోడి ఎదిగిన కొద్దీ దాన్ని ఎత్తుతూ ఉండాలి. నిపుల్ (కోడి ముక్కుతో నొక్కితే నీటి చుక్క వచ్చే గొట్టం) అయితే కోడి మెడ పైకి సాచి తాగే ఎత్తులో ఉండాలి. ఎక్కువ షెడ్లలో మొదటి తడి మచ్చ కనిపించేది డ్రింకరు కిందనే. ఆ మచ్చను ఆ రోజే తీసివేసి పొడి ఊక పోస్తే అరబస్తాతో పోతుంది, వారం ఆగితే షెడ్డంతా తిరగేయాలి. అట్ట కట్టకముందు నుంచే రెండు రోజులకోసారి ఇనుప దంతెతో ఊకను తిరగేయండి, ఎండ కాసిన పూటల్లో చేస్తే మరీ మంచిది.

కొబ్బరితోటలో నీడ దొరుకుతుంది కానీ గాలి ఆడదు. వానజల్లుకు భయపడి పరదాలు నేల నుంచి చూరు వరకు దించేస్తే లోపలి తేమ, అమ్మోనియా లోపలే ఉండిపోతాయి. పరదాను కింది నుంచి పైకి కట్టుకుని, చూరు దగ్గర ఒక అడుగైనా ఎప్పుడూ ఖాళీ వదలండి. చూరు మూడు, నాలుగు అడుగులు బయటకు ఉంటే జల్లు లోపలికి రాదు. డెల్టా నల్లరేగడిలో భూగర్భజలం పైనే ఉంటుంది కనుక షెడ్డు నేల బయటి నేల కన్నా ఎత్తుగా ఉండాలి. వెనకటి షెడ్లలో మట్టి నేల కిందనుంచే చెమ్మ పీలుస్తుంటుంది. అటువంటి చోట ఊక మార్చడం కన్నా నేల గచ్చు చేయించడం చివరికి చవక.

సున్నం గురించి జాగ్రత్త. పిల్లలు దిగకముందు ఖాళీ షెడ్డు నేలకు సున్నం వేయడం మంచి అలవాటు. కోళ్లు ఉన్నప్పుడు రెట్టతో తడిసిన ఊక మీద సున్నం చల్లితే, క్షారగుణం పెరిగి అమ్మోనియా మరింత వేగంగా బయటకు వస్తుంది. కళ్లు మండుతున్నాయంటే అమ్మోనియా అప్పటికే హద్దు దాటినట్లు. తప్పక చల్లవలసి వస్తే పరదాలు ఎత్తి, అట్టలు తీసివేసి, కొద్దిగా చల్లి తిరగేయండి. సూపర్‌ఫాస్ఫేట్ అయితే ఈ ఇబ్బంది తక్కువ.

ఊక ధర గురించి నేను చెప్పగలిగింది కొంచెమే. రైసు మిల్లులు ఎన్ని ఉన్నా, బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ ఊక పోతున్నది కనుక వానాకాలంలో ధర పెరగడం తప్పదు. ఎండాకాలంలోనే కొని, పైకప్పు ఉన్న చోట నిలవ చేయండి. కొబ్బరి పొట్టు మీకు చేరువలోనే దొరుకుతుంది. తడిని బాగా పీలుస్తుంది, కానీ బాగా ఆరబెట్టినదే వాడాలి. ఊక మందం వానాకాలంలో మూడు అంగుళాలకు తగ్గనీయకండి. మామూలు రోజుల్లో కోడికి ఒక చదరపు అడుగు ఇచ్చేవారు వానాకాలం బ్యాచ్‌కు 1.2 చదరపు అడుగులు ఇస్తే, దిగే పిల్లలు తగ్గినా ఊకా, పాదాలూ నిలబడతాయి.

ప్రశ్న: రాత్రంతా దీపాలు వేస్తే కోడి ఎక్కువ తింటుందని మా షెడ్డులో 24 గంటలూ వెలుగు ఉంచుతాము. దీపం ఆర్పితే కాళ్లకు మంచిదని ఎవరో అన్నారు. నిజమా? (మండపేట)

సమాధానం: నిజం. చీకటిలో కోడి నిద్రపోతుంది, ఆ వేళ పెరుగుదల కాస్త నెమ్మదిస్తుంది, మొదటి రెండు మూడు వారాల్లో ఆ నెమ్మది వల్ల కండకన్నా ఎముక ముందుండే అవకాశం కలుగుతుంది. వెలుగు వచ్చాక కోళ్లు లేచి తిరగడం కూడా ఎక్కువవుతుంది. పైన చెప్పిన 2008 సర్వేలో చీకటి వేళ ఎక్కువగా ఉన్న షెడ్లలో నడక మెరుగ్గా కనిపించింది. యూరోపియన్ యూనియన్ 2007లో చేసిన నిబంధన ప్రకారం, ఏడో రోజు నుంచి కోతకు మూడు రోజుల ముందు వరకు రోజుకు మొత్తం ఆరు గంటలు చీకటి ఉండాలి, అందులో నాలుగు గంటలు ఎడతెగకుండా ఉండాలి. ఆ చట్టం మనకు వర్తించదు, కానీ లెక్క మనకూ పనికివస్తుంది.

మొదటి మూడు రోజులు పిల్లలు మేత, నీరు వెతుక్కోవాలి కనుక ఒక గంట మాత్రమే ఆర్పండి. అలా చేస్తే కరెంటు పోయిన రాత్రి పిల్లలు బెదిరి గుట్టపడి చావకుండా కూడా అలవాటు అవుతుంది. వారం దాటాక రాత్రి తొమ్మిది నుంచి మూడు వరకు చీకటి ఇచ్చి, మూడు గంటలకు దీపాలు వేయండి. మన ఏప్రిల్, మే నెలల వేడిలో మధ్యాహ్నం కోడి తినదు. తెల్లవారుజాము చల్లదనంలో తింటుంది, అందుకే ఈ వేళలు సూచిస్తున్నాను. దీపాలన్నీ ఒక్కసారిగా ఆర్పకుండా వరుస వరుసగా ఆర్పండి. వెలుగు వచ్చే సమయానికి ఫీడర్లలో మేత సిద్ధంగా ఉండాలి, లేకపోతే తోపులాటలో వీపులు గీరుకుంటాయి. రెండో వారంలో బరువు కొద్దిగా వెనకబడి కనిపిస్తే కంగారుపడకండి. లిఫ్టింగ్ నాటికి ఆ తేడా చాలావరకు పూడుతుంది.

ప్రశ్న: సొంతంగా 600 కోళ్లు పెంచి ఊళ్లోనే అమ్ముకుంటాను. దాణా ఖర్చు తగ్గుతుందని నూకలు, తవుడు ఎక్కువగా కలుపుతున్నాను. పదిహేనో రోజు నుంచి కొన్నింటికి మడమ దగ్గర కాలు పక్కకు తిరిగిపోతోంది. (పాలకొల్లు)

సమాధానం: మడమ కీలు వెనక ఉన్న స్నాయువు గాడి తప్పి పక్కకు జారినప్పుడు కాలు అలా మెలితిరుగుతుంది. మాంగనీసు, కోలిన్, బయోటిన్ లోపించిన దాణాతో ఇది వస్తుంది. తవుడులో మాంగనీసు బాగానే ఉంది కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఉన్న మాట నిజమే. కానీ తవుడులోని ఫైటిక్ ఆమ్లం మాంగనీసును, జింకును, కాల్షియంను పట్టి ఉంచుతుంది. తవుడులోని భాస్వరం కూడా చాలావరకు ఫైటేటు రూపంలోనే ఉండటం వల్ల, కాగితం మీద భాస్వరం సరిపోయినా కోడికి అందదు. దాన్ని పూడ్చాలని గుల్ల పొడి దండిగా వేస్తే కాల్షియం మరీ పెరిగి పరిస్థితి ఇంకా చెడుతుంది. కాల్షియం, అందే భాస్వరం రెండు పాళ్లకు ఒక పాలుగా ఉండాలి.

మొదటి మూడు వారాలు కొన్న స్టార్టర్ దాణానే వాడండి. ఎముక అప్పుడే కట్టుకుంటుంది, అక్కడ పొదుపు చేయకూడదు. తర్వాత సొంతంగా కలుపుకుంటే తవుడు తగ్గించి, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), బ్రాయిలర్ ఖనిజ మిశ్రమం, విటమిన్ మిశ్రమం, కోలిన్, ఫైటేజ్ ఎంజైము తూకం ప్రకారం వేయండి. వానాకాలపు మొక్కజొన్నలో బూజు కనిపిస్తే ఎండబెట్టి వాడుకుందామని చూడవద్దు. ఎండకు బూజు పోయినా దాని విషం పోదు. తవుడు కూడా వారాల తరబడి నిలవ ఉంటే ముక్కిపోతుంది. ఇప్పటికే కాలు తిరిగిన కోడి సరికాదు.

ప్రశ్న: పది రోజుల పిల్లల కాలివేళ్లు లోపలికి ముడుచుకుని, మడమల మీద కూర్చుంటున్నాయి. (నిడదవోలు)

సమాధానం: రెండు కాళ్ల వేళ్లూ అలా ముడుచుకుంటే రైబోఫ్లేవిన్, అంటే బి2 లోపం మొదటి అనుమానం. తొలి దశలో నీటిలో బి2 ఉన్న విటమిన్ ఇస్తే రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది. ఆలస్యమైతే నరం దెబ్బతిని మిగిలిపోతుంది. దాణా బస్తా మీద తయారీ తేదీ చూడండి.

ప్రశ్న: షెడ్డులో లేవలేని కోళ్లను మా పనివాళ్లు ఓ మూలకు చేరుస్తారు. నాన్నగారు "చంపడం పాపం, ఉన్నన్ని రోజులు ఉండనీ" అంటారు. మీ మాట ఏమిటి? (తణుకు)

సమాధానం: నాన్నగారి ఉద్దేశం మంచిదే. అయితే మూలకు చేర్చిన కోడి ఫీడరు దగ్గరకు పోలేదు, నిపుల్ అందుకోలేదు. రెండు మూడు రోజులు దాహంతో, మిగిలిన కోళ్ల కాళ్ల కింద నలిగి పోతుంది. చంపకపోవడం వల్ల దానికి ఒరిగేది అంతకన్నా కష్టమైన చావే. నడకలో మూడు మార్కు ఉన్నవాటిని ఒక వైపు వల కట్టి, మెత్తని పొడి ఊక పోసి, లోతు తక్కువ నీటి పళ్లెం, మేత దగ్గరగా పెట్టి రెండు రోజులు చూడండి, కొన్ని తేరుకుంటాయి. నాలుగు, అయిదు మార్కులు ఉండి తినలేని, తాగలేని కోడిని కనిపించిన రోజే బాధ లేకుండా తీసివేయాలి. తెలిసిన మనిషి మెడ ఎముకను ఒక్క లాగుతో తలకు దగ్గరగా విడదీస్తే కోడి క్షణాల్లో స్పృహ కోల్పోతుంది. ఈ పని మీ పశువైద్యుని దగ్గర నేర్చుకున్నవారే చేయాలి. గోడకు కొట్టడం, సంచిలో కట్టి వదిలేయడం క్రూరత్వం.

కళేబరాలను కాలువలో వేయవద్దు, చేపల చెరువులకు అమ్మవద్దు. నీరు పైనే ఉండే మన నేలలో గుంట తీస్తే జలం చేరుతుంది. మెరక చూసుకుని సున్నంతో పూడ్చడమో, కాల్చడమో చేయాలి. ఒక్క రోజులో ఎన్నడూ లేనంతగా కోళ్లు చచ్చిపోతే మాత్రం కాళ్ల జబ్బు అనుకుని ఊరుకోకండి. 2025 ఫిబ్రవరిలో మన జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఏం చేసిందో చూశాము. వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

ప్రశ్న: బ్రాయిలర్లకు త్వరగా పెరగడానికి హార్మోను ఇంజెక్షన్లు ఇస్తారా? అందుకేనా కాళ్లు పడిపోవడం? కుంటిన కోడి మాంసం తినవచ్చా? (రాజమహేంద్రవరం నుంచి ఒక గృహిణి)

సమాధానం: హార్మోనులు ఇవ్వరు. వేల కోళ్లకు పదేపదే సూది వేయడం గిట్టుబాటయ్యే పని కూడా కాదు. వేగం వంశపు ఎంపిక నుంచి, దాణా నుంచి వచ్చింది. అడగవలసిన ప్రశ్న యాంటీబయాటిక్ గురించి; కోలిస్టిన్‌ను ఆహార జంతువుల్లో వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది, మిగిలిన మందులను కోడిని కోసే ముందు ఆపవలసిన గడువు పాటించాలి. కాలు బెణికిన కోడి మాంసానికి దోషం లేదు. కీళ్లు వాచి, చీము పట్టిన కోడిని మాత్రం తినకూడదు. మీరు తోలుతో కొంటే ఒక సంగతి గమనించవచ్చు: మడమ దగ్గర గోధుమరంగు మచ్చ ఉంటే ఆ కోడి తడి నేల మీద కూర్చుని పెరిగిందని అర్థం. అమ్మేవారిని అడగండి. కొనేవారు అడగనిదే ఈ విషయం షెడ్డు దాకా చేరదు.

ప్రశ్న: లిఫ్టింగ్ రాత్రి కూలీలు ఒక్కో చేత్తో అయిదారు కోళ్లను ఒంటి కాలు పట్టుకుని తలకిందులుగా మోస్తున్నారు. మరుసటి రోజు కాళ్లు విరిగినవని కంపెనీ మాకే కోత పెడుతోంది. (కొత్తపేట)

సమాధానం: ఒంటి కాలు పట్టి ఊపితే తుంటి కీలు జారుతుంది, తొడలో రక్తం గడ్డకడుతుంది. అప్పటికే ఎముక తల కుళ్లి ఉంటే అక్కడే విరుగుతుంది. మంచి పద్ధతి రెండు చేతులతో రెక్కల మీదుగా ఒంటిని పట్టి ట్రేలో దింపడం. కాళ్లే పట్టుకోవలసి వస్తే రెండు కాళ్లూ కలిపి పట్టుకోవాలి, చేతికి మూడుకు మించకూడదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అనవసరమైన బాధ కలిగేలా జంతువును మోయడం నేరం. ఆ చట్టంలో జంతువు అంటే కోడి కూడా. రవాణా నిబంధనల్లో కోళ్లకు ప్రత్యేక అధ్యాయం ఉంది. ఈ రెండు మాటలూ కూలీల మేస్త్రీకీ, సూపర్‌వైజరు గారికీ ఎక్కించేముందే చెప్పండి.

కోత విషయంలో, లిఫ్టింగ్‌కు ముందు రోజు మీరే 100 కోళ్ల నడక మార్కులు వేసి, కుంటేవి ఎన్నో రాసి సూపర్‌వైజరు గారి సంతకం తీసుకుంటే, కాలు విరిగింది షెడ్డులోనా లారీలోనా అన్న వాదన తగ్గుతుంది. నిలబడలేని వాటిని లారీ ఎక్కించనీయకండి. దీపాలు మసకగా ఉంచి, కోళ్లను చిన్న గుంపులుగా అట్టలతో వేరుచేసి పట్టించండి. కోళ్లను కోసే సమయానికి మొత్తం 8 నుంచి 12 గంటలు కడుపు ఖాళీగా ఉండేలా ప్రయాణపు సమయం కూడా లెక్కవేసి మేత ఎత్తండి. నీరు మాత్రం పట్టే వరకు ఉంచండి.